గుర్రాల శనివారం గోధుమలు

వర్వారాకి మనుషులంటే గిట్టదు. ఎందుకు గిట్టదో ఆవిడ దగ్గర మనిషికో కారణం ఉంది. అడిగితే చెబుతుంది, అడక్కపోతే ఇంకా గట్టిగా చెబుతుంది. పక్కింటి పింత్యా ఎందుకు గిట్టడంటే వాడికి అన్నీ తెలుసు కాబట్టి. వాడి పెళ్ళాం సవేత ఎందుకు గిట్టదంటే ఆ సర్వజ్ఞుణ్ణి ముప్పై ఏళ్ళుగా నమ్ముతోంది కాబట్టి. పాదిరిగారు పాడేటప్పుడు కళ్ళు మూసుకుంటారు కాబట్టి, బడిపంతులు మూసుకోడు కాబట్టి. ప్లోపిషోరు ఊళ్ళో నలభై మూడు గడపలుంటే నలభై రెండింటి మీద ఆవిడకి ఫిర్యాదులున్నాయి. మిగిలిన ఒక్క గడపా ఆవిడ సొంతది.

ఏభై తొమ్మిదేళ్ళ మనిషి. మొగుడు ఇరిమియె తాగి గడ్డి అటక మీంచి పడి చనిపోయాడు. "దిగడానికి నిచ్చెన ఉందన్న సంగతి కూడా గుర్తులేదు మహానుభావుడికి" అని సమాధి దగ్గరే అనేసింది. అత్తింటివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. గుర్రాన్ని అమ్మేసి కోళ్ళు పెంచుకోమన్నారు. ఆవిడ చెవిన పెట్టలేదు. వారం తిరక్కుండా మొగుడి బూట్లలో గుడ్డలు కుక్కి తొడుక్కుని, గుర్రానికి గొలుసు తగిలించి అడవికి పోయింది. కొట్టిన చెట్ల దుంగల్ని నిటారు వాలుల్లోంచి కింద దారి దాకా ఈడ్చుకురావడం ఆ పని. ట్రాక్టరు ఎక్కితే తిరగబడే చోట్లు అవి. అది మగాళ్ళ పని అన్నారు ఊళ్ళో. "అవునా, మరి చేసే మగాళ్ళేరీ?" అంది. మొదటి చలికాలమంతా ఆవిడ ఆ పెద్ద బూట్లేసుకుని వెళ్తుంటే దారి పక్కన నిలబడి నవ్వారు. పద్దెనిమిదేళ్ళయింది. నవ్వినవాళ్ళలో ఒక్కణ్ణి కూడా ఆవిడ మర్చిపోలేదు.

ఆ గుర్రానికి పుట్టిందే రోయిబా. ఎర్రటి ఒళ్ళు, బొద్దు మెడ, పద్నాలుగేళ్ళ వయసు. పుట్టిన రోజున వర్వారా తన కోటుతోనే తుడిచింది దాన్ని. ఈ భూమ్మీద వర్వారా నోట మంచి మాట విన్న ప్రాణి అదొక్కటే. "నా తల్లీ" అంటుంది, "నా బంగారు కొండా" అంటుంది, ఎవరైనా వింటున్నారని తెలిస్తే దగ్గి ఊరుకుంటుంది. అది దుంగలు లాగితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. అది కూడా లేకపోతే ఆవిడ నోరు విప్పి ప్రేమగా మాట్లాడే దిక్కే లేదు.

ఇక ఊళ్ళో మిగతా గుర్రాల సంగతి. ఒకప్పుడు ఇంటికొకటి ఉండేది. ట్రాక్టర్లు వచ్చాయి, కుర్రాళ్ళు పనులకి దేశాలు పట్టుకుపోయారు, ఏటేటా గుర్రాల లారీ వచ్చి నాలుగేసి ఎక్కించుకుపోయేది. ఎక్కడికని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు కాబట్టి. నిరుడు ఆరు మిగిలాయి. మొన్న ఆకురాలే కాలంలో లారీ మళ్ళీ వచ్చింది, ఐదు వెళ్ళాయి. ఐదోది పింత్యాది. ఊరందరికీ గుర్రాల వైద్యం చెప్పే పింత్యాకి చెప్పడానికి సొంత గుర్రం లేకుండా పోయింది. ఇహ ఊరు మొత్తానికి మిగిలింది రోయిబా.

నలభై రోజుల ఉపవాసాల్లో మొదటి శనివారం పునీత తొదెరు పండగ. మనవాళ్ళకి అది గుర్రాల శనివారం. ఆ రోజు గుర్రం మెడకి బరువు లాగే పట్టెడ తగిలించకూడదు. ఒళ్ళు రుద్ది, జూలు కత్తిరించి, నుదుటికి ఎర్ర కుచ్చులు కట్టాలి. గోధుమలు ఉడకబెట్టి తేనె, అక్రోట్లు కలిపి, గుడిలో పాదిరిగారి చేత దీవెన పట్టించి, తెచ్చి గుర్రానికి ఇంత నోట పెట్టాలి. పెట్టకపోతే పునీత తొదెరు గుర్రాలు వచ్చి వీపు మీద తొక్కుతాయట, ఏడాదంతా నడుం లేవదట. చదువుకున్నవాళ్ళు ఇదంతా విని నవ్వుతారు. నవ్వుతూనే శుక్రవారం గోధుమలు నానబెడతారు.

ఆ ఏడాదీ నలభై మూడు ఇళ్ళలో గోధుమలు ఉడికాయి. దీవెన అయింది. అందరూ గిన్నెలు పట్టుకుని గుడి బయటికొచ్చి చూస్తే ఊళ్ళో గుర్రం ఒక్కటే. పొద్దున పదింటికి వర్వారా గేటు ముందు వరస కట్టారు. టోపీలు తీసి చంకలో పెట్టుకున్నారు మగాళ్ళు. ఆడవాళ్ళు రుమాళ్ళు సర్దుకున్నారు. ఒక్కొక్కరూ వచ్చి రోయిబా నుదురు ముట్టుకుని, సిలువ గీసుకుని, గిన్నె మూతి ముందు పెట్టడం. అది నాకేయడం. దానికేం తెలుసు పాపం, తేనె తీపి తెలుసు.

వర్వారా మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది. గింజ ఎక్కువైతే గుర్రానికి విషమని ఆవిడకి ఒకరు చెప్పాలా? చిన్నప్పుడు తండ్రి గుర్రం ధాన్యపు కొట్టులో జొరబడి మెక్కి, కాళ్ళు చెడి, నెల తిరక్కుండా పోవడం కళ్ళారా చూసిన మనిషి. నాలుగో గిన్నెకే చాలనాల్సింది. అనలేదు. అంత పొగరుమోతు ఊరు తన గుమ్మం ముందు టోపీలు తీసి నిలబడితే చాలని ఎలా అంటుంది? ఒక్కొక్క మొహమే చూసుకుంటూ, వీడు నవ్వాడు, వీడూ నవ్వాడు, ఇదిగో ఈవిడ కిటికీలోంచి నవ్వింది అని లోపల తలుచుకుంటూ మురిసిపోయింది.

సవేత గుప్పెడు గోధుమలు చిన్న గిన్నెలో తెచ్చింది.

"ఇంతేనా సవేతా? గుర్రాన్ని అమ్ముకున్నాక చెయ్యి కూడా కుంచించుకుపోయిందా?" అంది వర్వారా, వరస చివరిదాకా వినపడేలా.

అందరూ గొల్లున నవ్వారు. సవేత మొహం కందగడ్డయింది. గిర్రున ఇంటికెళ్ళి, కోళ్ళకని నానేసిన గోధుమలు బక్కెట్టుడు తెచ్చి రోయిబా ముందు దబ్బున పెట్టింది.

"తినమను. నీ కళ్ళు చల్లబడ్డాయా?"

"ఇప్పుడు కాస్త మనిషిలా ఉన్నావు" అంది వర్వారా. బక్కెట్టు అడుగు కనపడేదాకా తిన్నది గుర్రం.

ఆదివారం తెల్లారి కొట్టంలోకి వెళ్తే రోయిబా గడ్డి ముట్టలేదు. ఒళ్ళంతా చెమట. తల తిప్పి తిప్పి కడుపు వైపు చూసుకుంటోంది, ముందు కాలితో నేల గీకుతోంది, కూలబడుతోంది, లేస్తోంది. "నా తల్లీ, ఏమైందే" అంటూ వర్వారా దాని చెవులు పట్టుకుంది. చెవులు చల్లగా ఉన్నాయి.

పిలవకుండానే పింత్యా దిగాడు. చంకలో సీసా. పిలవకుండా రావడంలో వాణ్ణి మించినవాడు లేడు.

"కడుపునొప్పి అక్కా. చూడక్కర్లేదు, కొట్టం వాసనకే చెప్పేస్తా."

"నీ నోటి వాసన దాటి నీకు వేరే వాసన తెలుస్తుందా?"

"లీటరు పళ్ళసారాలో గుప్పెడు మిరియాలు. మూతి పైకెత్తి పట్టించామంటే పది నిమిషాల్లో లేచి గంతులేస్తుంది. మా నాన్న ఎప్పుడూ అలాగే పట్టించేవాడు."

"మీ నాన్న పట్టించింది గుర్రానికా, ఆయనకా? గంతులేసింది ఎవరో నేను చూశాలే. ఆ సీసా ఇంటికి పట్టుకుపో."

ఈలోపు ఊరు ఊరంతా గేటు దగ్గర చేరింది. ఒక ముసలావిడ నిప్పులు నీళ్ళలో వేసి దిష్టి తీసింది. ఒకడు చెవి కోసి నెత్తురు వదలమన్నాడు. ఇంకొకడు గుర్రాన్ని చూసి నిట్టూర్చాడు, అదే వైద్యమన్నట్టు. పశువుల డాక్టరు ఉండేది డెబ్భై కిలోమీటర్ల అవతల టౌనులో. పదకొండు ఊళ్ళకి ఆయనొక్కడే. గురువారం మంచు కరిగిన వరదకి ఏటి మీద చెక్క వంతెన కొట్టుకుపోయింది. ఫోను పలికేది సిలువ గుట్ట మీద మాత్రమే. వర్వారా గుట్ట ఎక్కింది. వెనకే సగం ఊరు ఎక్కింది.

డాక్టర్ కొస్తీన్ ఫోనెత్తేసరికి ఆవిడకి ఆయాసంతో మాట రాలేదు. పింత్యా ఫోను లాక్కున్నాడు. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు.

"ఎలా ఉంది చెప్పండి" అన్నాడు డాక్టరు.

పింత్యా చెప్పాడు. చెమటలు, కడుపు చూసుకోవడం, పడుకోవడం. అంతవరకు బాగానే చెప్పాడు.

"నిన్న ఏం తిన్నది?"

"ఎప్పుడూ తినేదేనండీ. ఎండుగడ్డి."

"గింజలేమైనా పెట్టారా? మొక్కజొన్న, గోధుమ?"

"అబ్బే, ఏమీ లేదండీ. నిన్న పని కూడా చెయ్యలేదు, పండగ కదా."

అక్కడ అబద్ధమాడాలని ఆడినవాడు ఎవడూ లేడు. దీవెన పట్టిన గోధుమలు మన లెక్కలో మేత కాదు. ఆదివారం గుడిలో పాదిరిగారు చెంచాతో నోట్లో వేసిన ప్రసాదం మింగి వచ్చినవాణ్ణి పొద్దున ఏం తిన్నావని అడిగితే, ఏమీ తినలేదనే అంటాడు. అదీ అంతే. నలభై గిన్నెలైనా దీవెన దీవెనే, దాణా ఎలా అవుతుంది? దానివల్ల రోగం వస్తుందని పింత్యా బుర్రకి తట్టనే లేదు. ఆ బుర్రకి తట్టేవే తక్కువ.

సవేత మాత్రం తల దించుకుంది. కోళ్ళ బక్కెట్టుకి ఏ దీవెనా పట్టలేదని తనకి తెలుసు. తల ఎత్తి ఒక్కసారి వర్వారా వైపు చూసింది. వర్వారా నోరు తెరిచింది. చుట్టూ ఊరంతా ఉంది. చెప్పాలంటే అంతా చెప్పాలి: గింజ విషమని తెలిసీ ఆపలేదని, చాలదని ఎగతాళి చేసి మరీ బక్కెట్టు తెప్పించుకున్నానని. పాదిరిగారిని ముఖం మీదే కడిగేసిన ఆ నోరు మూతపడింది.

"అయితే మామూలు గాలినొప్పి" అన్నాడు డాక్టరు. "ఏమీ పట్టించకండి, సారా అసలే వద్దు. దొర్లనివ్వకుండా నడిపిస్తూ ఉండండి. తగ్గుతుంది. రేపు పొద్దున ఎలాగోలా వస్తాను."

నడిపించమన్నాడు కదా, పింత్యా పెత్తనం తీసుకున్నాడు. సారా వద్దన్నందుకు వాడికి పోయిన పరువు నడకలో తిరిగి రావాలి. రాళ్ళు పరిచిన వీధిలో పైకీ కిందకీ. నడక కాస్తా పరుగయింది. "హై! హై! గాలి కదలాలి!" అని వెనకనుంచి అదిలింపులు. ఒకడు అలిసిపోతే ఇంకొకడు పగ్గం అందుకోవడం. ఎనిమిది నుంచి పన్నెండు దాకా. వర్వారా పక్కనే నడిచింది. గాలినొప్పే అయ్యుంటుందిలే, డాక్టరే అన్నాడు కదా అని తనకి తాను చెప్పుకుంది. పింత్యా మాటని ఎన్నడూ అంత ఆత్రంగా నమ్మాలనుకోలేదు ఆవిడ.

పన్నెండింటికి రోయిబా పెనం మీద అడుగేస్తున్నట్టు నడవసాగింది. ముందు కాళ్ళు ఆనించడానికి భయపడుతోంది. వర్వారా వంగి గిట్ట పట్టుకుంది. పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలిపోతోంది. తండ్రి కొట్టంలో చూసిందే ఇది.

"ఆపండి!" అని అరిచింది.

"డాక్టరు నడిపించమన్నాడక్కా. ఆయన కంటే నీకు ఎక్కువ తెలుసా?" అన్నాడు పింత్యా.

"గోధుమలు రా, గోధుమలు! మీరంతా వరస కట్టి కుక్కిన గోధుమలు! గింజ దెబ్బ తగిలి గిట్టలు ఉడికిపోతున్నాయి, మీరేమో రాళ్ళ మీద పరిగెత్తిస్తున్నారు!"

"దీవించిన గోధుమల మీదా నింద?" పాదిరిగారి భార్య సిలువ గీసుకుంది.

"దీవెనకి అడ్డేముందమ్మా, ఊరంత ఉంది. గుర్రం పొట్టే ఊరంత లేదు."

పగ్గం సవేత చేతిలో పెట్టి, కదిలించొద్దని చెప్పి, ఒక్కతే గుట్ట ఎక్కింది. ఈసారి ఫోనులో అంతా చెప్పింది. అంతా అంటే ఊరు చేసిందంతా. ఎన్ని గిన్నెలు, ఎంత బక్కెట్టు. డాక్టరు కాసేపు బూతులు తిట్టాడు. ఎవర్ని తిడుతున్నాడని ఆవిడ అడగలేదు.

"నడక ఆపి చల్లటి నీళ్ళలో నిలబెట్టండి. మోకాళ్ళ దాకా. నేను వచ్చేదాకా అక్కణ్ణుంచి కదపొద్దు. ఇప్పుడే బయల్దేరుతున్నా."

ఊరి కింద వాగు, నీళ్ళలో ఇంకా మంచుపెళ్ళలు తిరుగుతున్నాయి. నలుగురు పట్టి అడుగడుగునా ఆపుతూ దింపారు రోయిబాని. వర్వారా బూట్లతోనే దిగి తల పట్టుకుని నిలబడింది. గంటకే కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. మార్చుకుందాం రా అని మగాళ్ళు పిలిస్తే, "పోండి, మీ చేతుల్లో పెట్టింది చాలు" అని కసిరింది. పింత్యా అడక్కుండా దిగి అటు పక్క పగ్గం పట్టుకున్నాడు.

"వాతపు కాళ్ళు నీవి. పోయి ఇంట్లో చావు."

"నువ్వు కాసేపు నోరు ముయ్యక్కా" అన్నాడు పింత్యా. పద్దెనిమిదేళ్ళలో ఆవిడతో అలా అన్న మొదటివాడు. ఆవిడ మూసింది.

నాలుగింటికి డాక్టరు వచ్చాడు. ఏటి అవతల జీపు వదిలి, సంచీ నెత్తిన పెట్టుకుని దాటాడట, నడుం దాకా తడిసి ఉన్నాడు. ఎవరి పలకరింపూ వినలేదు. రోయిబా ముక్కులోంచి గొట్టం దింపి లీటర్లకొద్దీ నూనె పోశాడు. మెడలో సూదులు పొడిచాడు. గిట్టలు ఒక్కొక్కటే పట్టుకుని నొక్కి చూశాడు. ముందు కాళ్ళ దగ్గర చాలాసేపు ఉన్నాడు. ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది.

"బతుకుతుంది" అన్నాడు చివరికి లేచి.

ఒడ్డు మీద ఎవరో దేవుడికి దండం పెట్టారు.

"కానీ ముందు కాళ్ళ గిట్టలు లోపల ఎముకని వదిలేశాయి. మెత్తటి నేల మీద నడుస్తుంది, గడ్డి మేస్తుంది. దుంగ మాత్రం లాగదు. ఇంకెప్పుడూ లాగదు." చేతులు నీళ్ళలో కడుక్కున్నాడు. "పొద్దున మొదటిసారి ఫోను చేసినప్పుడే గింజల సంగతి చెప్పుంటే మధ్యాహ్నానికి ఇక్కడుండేవాణ్ణి. అప్పటిదాకా నీళ్ళలో ఉంచమనేవాణ్ణి. గిట్టలు దక్కేవి. నాలుగు గంటలు రాళ్ళ మీద పరిగెత్తించారు! ఎవడయ్యా ఫోన్లో ఎండుగడ్డి అన్నది?"

"నేనేనండీ" అన్నాడు పింత్యా. టోపీ తీశాడు.

"గింజలు పెట్టారా అని అడిగానా లేదా?"

"అడిగారండీ. నాకు తోచలేదు."

"తోచనివాడివి ఫోను ఎందుకు లాక్కున్నావు? ఒక ఆడమనిషి కూటికి గండి కొట్టావు కదయ్యా."

ఊరంతా పింత్యానే చూస్తోంది. సవేత కూడా వాడినే చూస్తోంది, ముప్పై ఏళ్ళలో మొదటిసారి నమ్మకం లేకుండా. వర్వారా ఊరుకుంటే సరిపోయేది. చచ్చేదాకా ఆ పాపం పింత్యాదే అయ్యేది. తిట్టుకోవడానికి ఆవిడకి ఇంతకంటే మంచి కారణం జన్మలో దొరికేది కాదు.

"వాణ్ణి వదిలెయ్యండి డాక్టరు గారూ" అంది వర్వారా. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "వాడు వట్టి వెధవ. తెలియక చెప్పాడు. నేను పక్కనే ఉన్నా. నాకు తెలుసు. మీరు గింజలు అన్న నిమిషమే నాకు తెలుసు. నిన్న అది తినేటప్పుడు కూడా తెలుసు. చాలదని బక్కెట్టు తెప్పించింది కూడా నేనే."

డాక్టరు ఆవిడ వైపు తిరిగాడు. "మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆవిడ ఒడ్డు వైపు చూసింది.

"వీళ్ళ ముందు చెప్పాలి కదా. వీళ్ళ ముందు తల దించుకోవడం కంటే అది నొప్పి పడటమే నయమనిపించింది."

ఒక్కరూ నవ్వలేదు. రోయిబా అలిసిపోయిన తల ఎప్పటిలాగే తెచ్చి ఆవిడ భుజం మీద ఆనించింది. ఎవరి వల్ల తనకి ఇలా అయిందో దానికి తెలియదు. వర్వారా ఆ బరువు మోస్తూ, వాగు మధ్యలో నిలబడి, ఊరందరి ఎదుటా గట్టిగా ఏడ్చింది.